బొటనవేలి కింద గుండీ

ఆ కుట్టుశాలలో మనుషులకి పేర్లు లేక కాదు, వాటితో పని పడదంతే. నలభై మిషన్లు నాలుగు వరసల్లో ఒక్కసారిగా మోగుతుంటే ఎవరి పేరు ఎవరికి వినబడుతుంది? అందుకని అక్కడ వేళ్ళు చూపించి పిలుచుకుంటారు. ఏడు వేళ్ళు చూపిస్తే ఏడో మిషను మీద కూర్చునే ఆవిడ తలెత్తుతుంది. ముప్ఫై రెండేళ్ళుగా అదే చోటు. ఈలోగా మిషను రెండుసార్లు మారింది, కుర్చీ మూడుసార్లు మారింది, ఆవిడ మాత్రం మారలేదు. పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు మొదటిరోజే "ఏడో అక్కా" అనడం నేర్చుకుంటారు. పండ్ల కొట్టాయనక్కూడా ఆవిడ ఏడో అక్కే, అదెలా పాకిందో ఎవరికీ తెలీదు.

అక్కడ కుట్టేవన్నీ ఆసుపత్రి బట్టలు. ఏడో అక్క పని కోటుకి చేతులు ఎక్కించడం. నిలువు కుట్టు ఎవరికైనా వస్తుంది. భుజం దగ్గర గుడ్డ గుండ్రంగా తిరిగే చోట ముడత పడకుండా కుట్టడం మాత్రం అందరి వల్లా కాదు. కొత్తవాళ్ళు సూది వంక గుడ్లప్పగించి చూస్తూ కుడతారు, కుట్టు వంకర పోతుంది. "సూదిని చూడకే తల్లీ, అదెక్కడికీ పోదు. కుట్టు ఎక్కడికి వెళ్ళాలో అక్కడ చూడు," అంటుంది ఏడో అక్క. ఎన్ని వందలసార్లు అనుంటుందో లెక్క లేదు.

అలాంటి మనిషి ఒకరోజు టీ తాగుతూ, గ్లాసు కింద పెట్టకుండానే, "నేను బైకు నేర్చుకుంటున్నా. లైసెన్సు కూడా తీసుకుంటా," అంది.

యాభై ఒక్కేళ్ళ మనిషి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"మరి మీ ఆయన వెనక కూర్చుంటాడా అక్కా?" అంది పన్నెండో మిషను.

"మా ఆయనకి సైకిలే రాదు. వెనక కూర్చోవడమైనా వస్తుందో రాదో."

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో ఏడో అక్క రెండు మాటలు మింగేసింది. ఒకటి, ఆవిడ నేర్చుకోవడం లేదు, ముప్ఫై ఒక్కేళ్ళ తర్వాత తిరిగి మొదలుపెడుతోంది. రెండు, వెనక ఎవరు కూర్చోవాలో ఆవిడకి బాగా తెలుసు. కూర్చుంటుందో లేదో, అదే తెలీదు.

వాళ్ళ నాన్న కరెంటు మీటర్ల రీడింగులు రాసుకునే ఉద్యోగి. ఊరంతా తిరగడానికి ఆఫీసు ఆయనకొక బైకు ఇచ్చింది. ఇద్దరు కూతుళ్ళలో పెద్దదానికి పంతొమ్మిదో ఏట, కరెంటాఫీసు వెనక స్తంభాలు పేర్చి ఉండే ఖాళీ స్థలంలో దాన్ని నడపడం నేర్పాడు. ఆ పిల్ల వారంలోనే స్తంభాల మధ్య పాములా మెలికలు తిప్పేసేది. లైసెన్సు సంగతి తర్వాత చూద్దాం అన్నాడాయన. ఆ తర్వాత అనేది రానే లేదు.

ఎందుకంటే మరుసటి ఏడు, ఆ పిల్ల కుట్టుశాలలో చేరిన ఎనిమిది నెలలకి, ఒక సెలవురోజు పొద్దున చెల్లెల్ని వెనకెక్కించుకుని వెళ్తోంది. చెల్లెలికి పదిహేనేళ్ళు. కలప డిపో మలుపు తిరిగేసరికి చెక్కల లారీ ఒకటి గేటులోంచి వెనక్కి వస్తోంది. కావలసినంత దూరం ఉంది. ఆపొచ్చు. అక్క కాలితో గట్టిగా తొక్కింది. బండి ఆగలేదు. తిన్నగా వెళ్ళి లారీకి కొట్టుకుంది. అక్కకి మోచేతులు గీసుకుపోయాయి. చెల్లెలి ఎడమ మోకాలు లారీ చక్రానికీ బండికీ మధ్య నలిగిపోయింది.

"తొక్కాను నాన్నా. తొక్కితే ఆగలేదు," అని ఆసుపత్రి వరండాలో ఏడ్చింది పెద్దది.

నాన్న సాయంత్రం వెళ్ళి బండి చూసి వచ్చాడు. "బ్రేకు బాగానే ఉందమ్మా," అన్నాడు. కోప్పడలేదు, తిట్టలేదు, ఆ ఒక్క మాటే. బ్రేకు బాగానే ఉంటే తను తొక్కలేదన్నమాటే కదా. తొక్కానని అనుకుందన్నమాట. భయంతో కాళ్ళూ చేతులూ ఆడలేదన్నమాట. అప్పట్నుంచి ఏడో అక్క తన గురించి తాను అలాగే నమ్మింది. ఇంక బండి ముట్టుకోలేదు. చెల్లెలు కాలు ఈడుస్తూ నడవడం నేర్చుకుంది. ఎవరి బండీ ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. వానొస్తే మోకాలు పట్టేసి మంచం మీద కూర్చుండిపోయేది, అక్క వేడినీళ్ళ సంచీ పెట్టేది. ఆ రోజు గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చెల్లెలికి నలభై ఆరిప్పుడు. లైబ్రరీలో పని. పెళ్ళి వద్దనుకుంది, అక్కావాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక్కత్తే ఉంటుంది. పుస్తకం కావాలని ఎవరైనా వస్తే బీరువా దగ్గరికి వెళ్ళకుండానే, ఏ అరలో ఎన్నోదో చెప్పగలదు. ఉద్యోగమంటే ఆవిడకి ప్రాణం. ఆ ప్రాణానికే ముప్పొచ్చింది. వాళ్ళ వీధిలోంచి పోయే బస్సు ఆపేశారు. పెద్ద రోడ్డు దాకా మామూలు మనిషికి పావుగంట నడక, ఆవిడకి ముప్పావుగంట. పదిరోజులు నడిచింది. పదకొండో రోజు మోకాలు కుండలా వాచింది.

"మూడు నెలలాగి మానేస్తున్నానని రాసిచ్చేశా," అంది చెల్లెలు, వేడినీళ్ళ సంచీ సర్దుకుంటూ. "కొత్త మనిషికి పని చూపించడానికి ఆ మాత్రం టైము కావాలి."

కుట్టుశాల, లైబ్రరీ ఒకే దారిలో ఉన్నాయి. ఏడో అక్కకి ఆ సంగతి ఆ క్షణంలోనే తట్టింది. 

"నేను దింపుతాను, బండి మీద. రోజూ."

చెల్లెలు సంచీ మూత బిగించింది. "లైసెన్సుందా నీకు?"

"తీసుకుంటా."

"తీసుకుని రా. అప్పుడు చూద్దాం."

ఎక్కుతానని అనలేదు, ఎక్కననీ అనలేదు. ఏడో అక్క ఆ మాటే కొంగున కట్టుకున్నట్టు ఇంటికి తీసుకొచ్చింది.

డ్రైవింగు స్కూలు మాస్టారు బట్టతల మనిషి, మాట పొదుపు. మొదటిరోజు మైదానంలో బండి అప్పగించి, "మొదటి గేరులో అక్కడిదాకా వెళ్ళి రండమ్మా, పడితే పడండి, గడ్డే కదా," అన్నాడు.

ఏడో అక్క కూర్చుంది. క్లచ్చి వదిలింది. అంతే, ఆవిడ లోపల ఎక్కడో ముప్ఫై ఒక్కేళ్ళుగా కదలకుండా కూర్చున్న పంతొమ్మిదేళ్ళ పిల్ల లేచి నిలబడింది. మైదానం చివర తాను అనుకోకుండానే బండి వాలింది, తిరిగింది, లేచింది. తన ఒంటికి ఇదంతా గుర్తుందా? పొద్దున కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో గుర్తుండదు, ఇది గుర్తుందా? హెల్మెట్టు లోపల ఏడో అక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. గాలి మొహానికి తగులుతుంటే, లోకం ఇంత పెద్దదా అనిపించింది.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు మాస్టారు.

"స్తంభాల మధ్య," అంది ఆవిడ.

ఎనిమిది అంకె వేయించడం మొదలుపెట్టాక మాస్టారికి ఇంకా విచిత్రం అనిపించింది. కుర్రకారంతా ముందు చక్రం వంక చూస్తూ కాలు నేల పెట్టేస్తుంటే, ఈవిడ మెడ తిప్పి మలుపు అవతలికి చూస్తుంది, బండి చూపు వెంట వెళ్తుంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "ఈ చూపు మేం చెప్పీ చెప్పీ అలిసిపోతాం. మీకెవరు చెప్పారు?"

"కోటు చేతులు చెప్పాయి మాస్టారూ."

ఆయన అర్థమైనట్టే తలూపాడు. ఏమీ అర్థం కాలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

ఏడువారాలకి పరీక్ష రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పాతికేళ్ళ అమ్మాయి, చేతిలో అట్ట, మెళ్ళో ఈల. ఏడో అక్క ఎనిమిదిని ఎంత నున్నగా వేసిందంటే, వరసలో నిలబడ్డ కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంక మిగిలింది ఒక్కటే, వేగంగా వచ్చి ఈల వినగానే తెల్లగీత లోపల ఆపాలి. మైదానంలో ఇరవైసార్లు ఆపిందది. కాకపోతే అప్పుడు ఎక్కడ ఆపాలో ముందే తెలుసు. ఇక్కడ ఈల ఎప్పుడు మోగుతుందో తెలీదు.

ఈల మోగింది. ఏడో అక్క గట్టిగా తొక్కింది. బండి ఆగలేదు. తెల్లగీత చక్రాల కిందనుంచి వెనక్కి వెళ్ళిపోయింది. పది అడుగులు దాటాక ఎలాగో చేతి బ్రేకు పట్టుకుని, పడబోయి నిలదొక్కుకుంది.

"తొక్కాను మేడం," అంది. ఆ మాట తన నోట్లోంచి వస్తుంటే ఆసుపత్రి వరండా వాసన కొట్టింది.

ఇన్‌స్పెక్టరు అట్ట మీద ఏదో రాస్తూ తలెత్తింది. "లేదమ్మా. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాగా. ఈల వెయ్యగానే మీ కాలివేళ్ళు బ్రేకు మీద నుంచి పైకి లేచాయి. ఎందుకలా తీసేశారు? నెల తర్వాత మళ్ళీ రండి."

ఆ రాత్రి ఏడో అక్కకి తిండి సయించలేదు. భర్త రెండుసార్లు పలకరించి, లాభం లేదని ఊరుకున్నాడు. నెల తర్వాత మళ్ళీ పోతే మాత్రం ఏం లాభం? భయానికి మందేముంది? చెల్లెలు మానేయడానికి ఇంకా అయిదు వారాలే ఉంది.

మర్నాడు పనిలో కూర్చుంది. మనసెక్కడో ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. సగం ఒంపులో దారం పుటుక్కున తెగింది. మిషను టక్కున ఆగింది. ఆగింది అంటే, ఆవిడే ఆపింది. ఎలా ఆపింది?

ఏడో అక్క కిందకి చూసింది.

కరెంటు కుట్టుమిషను పెడలుకి రెండే సంగతులు. మునివేళ్ళతో నొక్కితే పరుగు. మడమతో వెనక్కి నొక్కితే ఆగడం. ఆవిడ కుడి మడమ పెడలుని నేలకి నొక్కి పట్టి ఉంది. కాలివేళ్ళు, అయిదుకి అయిదూ, గాలిలోకి లేచి ఉన్నాయి. బండి బ్రేకుకేమో ఆ వేళ్ళే కిందకి దిగాలి.

మళ్ళీ నడిపింది, మళ్ళీ ఆపింది. మడమ కిందకి, వేళ్ళు పైకి. తను అనుకోకముందే కాలు చేసేస్తోంది. అప్పుడే భోజనం గంట మోగింది. ఏడో అక్క ఉన్నపళంగా కుర్చీలోంచి వంగి బల్లల కిందకి చూసింది. నాలుగు వరసల్లో ముప్ఫై తొమ్మిది మడమలు ఒక్కసారిగా దిగాయి. ముప్ఫై తొమ్మిది జతల కళ్ళు గడియారం వైపు తిరిగి ఉన్నాయి, ఒక్కరూ కిందకి చూడటం లేదు. ముప్ఫై తొమ్మిది పాదాల వేళ్ళు, మెట్టెలున్నవీ లేనివీ, గోరింట మిగిలినవీ పగిలినవీ, అన్నీ పైకి లేచి ఉన్నాయి. శాల మొత్తం నిశ్శబ్దమైపోయింది.

అంత గొప్ప దృశ్యాన్ని ఆవిడ జన్మలో చూడలేదు. ముప్ఫై రెండేళ్ళు ఆ బల్లల పైనే బతికింది, కింద ఏం జరుగుతోందో ఒక్కరోజూ చూడలేదు.

"ఏం పోయింది అక్కా?" అంది పన్నెండో మిషను, వెతకడానికి తనూ వంగుతూ.

"పోలేదే. దొరికింది," అంది ఏడో అక్క. భోజనం డబ్బా అక్కడే వదిలేసి లైబ్రరీకి పరుగులాంటి నడక నడిచింది.

చెల్లెలు వెనక గదిలో, చిరిగిన పుస్తకాలకి అట్టలు అంటిస్తోంది. కొత్త మనిషి ఇంకా రాలేదు. ఏడో అక్క రొప్పుతూనే చెప్పడం మొదలుపెట్టింది. మిషను పెడలు ఎలా ఉంటుందో ఒక పుస్తకాన్ని నేల మీద పెట్టి, చెప్పు విప్పి, దాని మీద కాలు వేసి చూపించింది. వేరేరోజైతే పుస్తకం మీద కాలు పెట్టినందుకు చెల్లెలు చీల్చి చెండాడేది.

"పరుగు ఇది. ఆపడం ఇదిగో, ఇది. చూశావా, వేళ్ళు లేచాయి. నేను లేపలేదే, అవే లేస్తాయి. మిషను మీద నాకప్పటికి ఎనిమిది నెలలు, రోజుకి ఎన్ని వందలసార్లు ఆపేదాన్నో. ఆ లారీని చూడగానే కాలు ఆపేసింది. బండిని కాదు, మిషన్ని."

చెల్లెలి చేతిలోని జిగురు బ్రష్షు కిందకి దిగలేదు, పైకి లేవలేదు. ఆవిడ అక్క పాదం వంకే చూస్తోంది.

"అయితే ఆ రోజు నువ్వు ఆపడానికే తొక్కావా?"

"మరెందుకు తొక్కుతానే?"

"నేను వెనకనుంచి చూశానక్కా. నీ కుడికాలు. వేళ్ళు పైకి లేచాయి." చెల్లెలి గొంతు మామూలుగానే ఉంది. "నువ్వు దూకెయ్యడానికి కాలు తీశావనుకున్నా. నన్ను వదిలేసి."

ఏడో అక్క పుస్తకం మీంచి కాలు తీసేసింది. పక్క గదిలో ఎవరో కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"ముప్ఫై ఒక్కేళ్ళు అలాగే అనుకున్నావా?" అంది చివరికి.

"రోజూ అనుకోలేదులే. వానొచ్చినప్పుడు అనుకునేదాన్ని."

"ఒక్కసారైనా అడగలేదేమే?"

"అడిగితే అవునంటావేమోనని."

ఏడో అక్క అక్కడున్న స్టూలు మీద కూలబడింది. వానొచ్చిన ప్రతిసారీ తను వెళ్ళి ఆ మోకాలికి వేడినీళ్ళ సంచీ పెట్టింది. ఆ ప్రతిసారీ ఈ పిల్ల, ఈ నలభై ఆరేళ్ళ పిల్ల, నన్ను వదిలేసిన మనిషి అనుకుంటూనే కాలు చాపింది. తన పెళ్ళిలో పక్కనే నిలబడింది. తన జ్వరాల్లో జావ కాచి తెచ్చింది. ఒక్క సూటిపోటి మాట అనలేదు. మనిషి గుండెలో ఇంత చోటుంటుందా? ఏడో అక్కకి చెల్లెలి ముందు చిన్నపిల్లనైపోయినట్టు అనిపించింది. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు కూడా ఇంతగా తెల్లబోలేదు.

ఇద్దరూ ఏడ్చారు. ముందు అక్క, తర్వాత చెల్లెలు. తర్వాత చెల్లెలే ముక్కు తుడుచుకుని, "ఏడుపు సరే, కాలి సంగతేంటి? నెలలో దానికి బుద్ధి చెప్పగలవా?" అంది.

"నలభై గంటలు మిషనే తొక్కాలిగా వారానికి. అది మర్చిపోదు."

"మర్చిపోవద్దు. ఎక్కడుందో దానికి తెలిస్తే చాలు. నువ్వు అక్కడ చెప్పులు, బండి మీద బూట్లు. కానీ కాలికి ఆ తేడా చాలట్లేదు. గట్టిగా తెలిసేలా ఏదైనా పెట్టు." అని తన లైబ్రరీ కోటు చేతి అంచున ఉన్న గుండీని పట్టి లాగింది. ఊడలేదు. ఏడో అక్క కుట్టిందది, ఊరికే ఊడుతుందా? చివరికి కత్తెరతో కోసి అక్క చేతిలో పెట్టింది. నాలుగు కన్నాల గోధుమరంగు గుండీ.

ఆ సాయంత్రం ఏడో అక్క కుడి బూటులోని మెత్తని అట్టని బయటికి తీసి, బొటనవేలు ఆనే చోట ఆ గుండీని కుట్టింది. మామూలుగా నాలుగు పోగులు వేస్తుంది. దీనికి పన్నెండు వేసింది. బూటు వేసుకుని నడిస్తే కుంటుతున్నట్టు ఉంది. భర్త చూసి, "రాయేమైనా పడిందేమో చూసుకో," అన్నాడు. "రాయి కాదు, మాస్టారు," అంది.

మైదానంలో అసలు మాస్టారికి సంగతంతా చెప్పి, "నాకు తెలీకుండా ఈల వెయ్యండి," అంది. ఆయన చెట్టు చాటునుంచి, టీ తాగుతూ, ఎవరితోనో మాట్లాడుతూ, ఇష్టం వచ్చినప్పుడల్లా ఈల వేశాడు. మొదటివారం మడమే దిగింది. రెండోవారం మడమ దిగబోయి, వేలికింద గుండీ గుచ్చుకుని, ఆగి ఆలోచించింది. కాలు ఆలోచించడం ఏడో అక్కకి స్పష్టంగా తెలిసింది. మూడోవారం ఒకరోజు మాస్టారు ఈల వేసేసరికి ఆవిడ పాట పాడుకుంటోంది. బండి ఆగిపోయింది. పాట ఇంకా నడుస్తోంది. మాస్టారు బట్టతల తడుముకున్నాడు.

రెండో పరీక్షలో ఆ పాతికేళ్ళ అమ్మాయి ఈల వేసింది. బండి తెల్లగీతకి మూరెడు ఇవతల నిలబడింది. ఇన్‌స్పెక్టరు వంగి గీత చూసింది, ఆవిడ బూటు చూసింది. "ఈసారి కాలు తియ్యలేదే," అంది.

"పోయినసారీ తియ్యలేదు మేడం. అదో పెద్ద కథ," అంది ఏడో అక్క.

చెల్లెలు మానేస్తానన్న గడువుకి నాలుగురోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి, మాస్టారి దగ్గర కొన్న పాత బండి ఆవిడ గుమ్మం ముందు ఆగింది. ఏడో అక్క లైసెన్సు తీసి చూపించింది. చెల్లెలు లైబ్రరీ కార్డు పరీక్షించినట్టు రెండువైపులా తిప్పి చూసి, ఫోటో బాగా రాలేదంది. హెల్మెట్టు పెట్టుకుంది. పట్టీ పెట్టుకోవడం రాలేదు, అక్కే బిగించింది. ఎడమ కాలు ఎత్తలేదు కాబట్టి గుమ్మం మెట్టెక్కి, అక్క భుజం పట్టుకుని, ఎక్కింది. ఆ వేళ్ళు భుజంలోకి దిగిపోయాయి. ఏడో అక్కకి వెనక బరువు ఆనింది. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఖాళీగా ఉన్న చోటది.

మెల్లగా పోనిచ్చింది. పండ్ల కొట్టాయన చెయ్యెత్తి, దించడం మర్చిపోయాడు. కలప డిపో మలుపు రానే వచ్చింది. అక్కడిప్పుడు డిపో లేదు, అద్దాల మేడ ఒకటుంది, దారి మాత్రం అదే. మలుపు అవతలికి చూస్తూ ఏడో అక్క బండి వాల్చింది. సరిగ్గా అప్పుడే మేడ గేటులోంచి తెల్లకారు ఒకటి వెనక్కి వచ్చింది.

బండి ఆగింది. ఊరికే, ఆగవలసిన చోట. కారతను తల బయటపెట్టి సారీ చెప్పాడు.

వెనక చెల్లెలు పక్కకి వంగి ఉందని ఏడో అక్కకి బరువుని బట్టి తెలిసింది.

"ఏం చూస్తున్నావే?"

"నీ కాలు."

ఏడో అక్క చూపు రోడ్డు మీదే ఉంచింది. "ఉందా?"

"ఉంది," అంది చెల్లెలు. "పోనీ."